ఒక ఫోల్డర్, 31 చోట్లు: ల్యాబ్ కాపీ ప్రాజెక్టు డైరీ

1వ రోజు: కొలతలు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం. కొత్త బ్యాచ్ మొదలయ్యే ప్రతిసారీ పాఠాల ఫోల్డర్ ఒకటి ల్యాబ్ సర్వర్‌లోని 24 విద్యార్థి ఫోల్డర్లకు, దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచికి పంపే 6 పెన్‌డ్రైవ్‌లకు, బ్యాకప్ కోసం పెట్టిన లైనక్స్ మెషీన్‌కు చేరాలి. మొత్తం 31 చోట్లు. ఇన్నాళ్లూ ఈ పని చేత్తోనే నడిచింది. ఒకసారి కంట్రోల్ సి కొట్టడం, ఒక్కో ఫోల్డర్ తెరిచి కంట్రోల్ వి కొట్టడం. విండోస్‌లో ఒకేసారి పది ఫోల్డర్లు సెలెక్ట్ చేసుకుని వాటన్నిట్లోకీ పేస్ట్ చేసే వీలు లేదు. అందుకే ఈ ప్రాజెక్టు.

ముందు లెక్క. మూలం, అంటే కాపీ చేయాల్సిన పాఠాల ఫోల్డర్, 2.4 జీబీ, 3,200 ఫైళ్లు. 31 చోట్లకు కలిపి 74.4 జీబీ, 99,200 ఫైళ్లు. చేత్తో చేస్తే ఎక్కడో ఒక పేస్ట్ మధ్యలో ఆగిపోతుంది, ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. అసలు బాధ అక్కడే ఉంది. ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు. ఏ ఫోల్డర్‌లో ఏ ఫైలు తగ్గిందో తెలియకపోతే మాత్రం క్లాసు మధ్యలో బయటపడుతుంది.

సర్వర్ మామూలు డెస్క్‌టాపే. విండోస్ 10, 8 జీబీ ర్యామ్. విండోస్ ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద, విద్యార్థి ఫోల్డర్లు 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద, అంటే డి డ్రైవ్‌లో ఉన్నాయి. డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. ఈ అంకె గుర్తుంచుకోవాలి. త్వరగా అయిపోతుందని 24 విండోలు తెరిచి అన్నిట్లో ఒకేసారి పేస్ట్ కొడితే, డిస్క్ మీద చదివి రాసే హెడ్ ఆ 24 చోట్ల మధ్య పరుగులు పెడుతుంది. ప్రతి గెంతుకూ కొన్ని మిల్లీసెకన్లు వృథా. వరుసగా రాస్తే సెకనుకు 100 ఎంబీ దాటించే డిస్కే ఇలా చిన్న ముక్కలతో సతమతమైతే కొన్ని ఎంబీలకు పడిపోతుంది. ఒకే డిస్క్ మీది ఫోల్డర్లకైతే ఒకదాని తర్వాత ఒకటి. వేర్వేరు పరికరాలకైతే ఒకేసారి. పని మొత్తం ఈ నియమం మీదే నడిపించాం.

2వ రోజు: అసలు ఎంత కాపీ కావాలి?

మూలాన్ని విప్పి చూస్తే 2.4 జీబీలో 1.9 జీబీ 40 వీడియోలదే. వీడియోలు చూడటానికే, ఎవరూ మార్చరు. మిగిలిన 0.5 జీబీలో 3,160 చిన్న ఫైళ్లు: కోడ్ ఉదాహరణలు, ఎక్సెల్ షీట్లు, అసైన్‌మెంట్లు. ఎవరిది వాళ్లకు ఉండాల్సింది ఇవే.

వీడియోలకు హార్డ్ లింక్, అంటే ఒకే ఫైలుకు ఇంకో పేరు, వాడాం. వీడియోల ఫోల్డర్‌ను డి డ్రైవ్‌లో ఒకచోట పెట్టి, ఎమ్‌కేలింక్ ఆదేశంతో, /హెచ్ స్విచ్ (ఆదేశం ఎలా పని చేయాలో చెప్పే గుర్తు) ఇచ్చి, 24 ఫోల్డర్లలోనూ పేర్లు సృష్టించాం. ఫైలు ఒక్కటే, పేర్లు 25. ప్రతి విద్యార్థి ఫోల్డర్‌లోనూ వీడియో మామూలుగానే కనబడుతుంది, ఆడుతుంది. డిస్క్ మీద మాత్రం 45.6 జీబీ బదులు 1.9 జీబీయే పడుతుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్ చూస్తే ప్రతిదీ పూర్తి సైజు చూపిస్తుంది, దానికి కంగారుపడనక్కర్లేదు.

హార్డ్ లింక్‌కు షరతులున్నాయి. ఒకే డ్రైవ్‌లో, అదీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతి) అయితేనే పని చేస్తుంది. పెన్‌డ్రైవ్‌ల మీది ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో కుదరదు. ఒక ఫైలుకు గరిష్ఠంగా 1,023 లింకులు. అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇది కాపీ కాదు. ఒకరు ఆ ఫైలునే తెరిచి మార్చి సేవ్ చేస్తే 24 మందికీ మారిపోతుంది. అనుమతులు కూడా ఫైలుకే అంటి ఉంటాయి, పేరుకు కాదు. అందుకని వీడియోలకు విద్యార్థుల ఖాతాలనుంచి రాసే అనుమతి తీసేశాం. కోడ్ ఫైళ్లకు పొరపాటున కూడా హార్డ్ లింక్ పెట్టకూడదు. ఒకరి అసైన్‌మెంట్ అందరి అసైన్‌మెంట్ అయిపోతుంది.

దీంతో డి డ్రైవ్‌కు రాయాల్సింది 0.5 జీబీ చొప్పున 24 సార్లు, 12 జీబీకి దిగింది.

“ఒక్కసారి చదివి అన్ని చోట్లా రాసే” సాఫ్ట్‌వేర్ కోసం వెతకాలా అన్న ప్రశ్న వచ్చింది. ఇక్కడ అక్కర్లేదు. మొదటి ఫోల్డర్‌కు కాపీ అయ్యేసరికి ఆ 0.5 జీబీ ర్యామ్‌లోని క్యాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, ఉంటుంది. రెండో ఫోల్డర్ నుంచి విండోస్ మూలాన్ని అక్కణ్నుంచే చదువుకుంటుంది. అడ్డుపడేది రాయడమే. మూలం కెమెరా కార్డులోనో, నెమ్మదైన నెట్‌వర్క్ మీదో ఉంటే ముందు దాన్ని ఎస్‌ఎస్‌డీ మీదికి తెచ్చుకుని, అక్కణ్నుంచి పంచితే సరిపోతుంది.

3వ రోజు: లిస్టు, లూపు, అనుమానించాల్సిన వేగం

పనిముట్టు రోబోకాపీ, ఫైళ్లు కాపీ చేసే ఆదేశం. విస్టా నుంచి విండోస్‌తోపాటే వస్తోంది, విడిగా ఏమీ వేయనక్కర్లేదు. ఒక ఆదేశానికి ఒక మూలం, ఒక గమ్యమే తీసుకుంటుంది. కాబట్టి గమ్యాలను ఒక టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒకటి చొప్పున రాసి, బ్యాచ్ ఫైలు (ఆదేశాలను వరుసగా రాసిపెట్టే స్క్రిప్టు) లోని ఫర్ లూపు ఆ వరుసలను చదివి ఒక్కోదానికి రోబోకాపీని పిలిచేలా పెట్టాం. గమ్యాలను ఆదేశంలోనే రాసేస్తే రేపు 25వ విద్యార్థి వచ్చినప్పుడు స్క్రిప్టు విప్పాలి. విడి లిస్టయితే నోట్‌ప్యాడ్‌లో ఒక వరుస కలిపితే అయిపోతుంది.

స్విచ్‌లు: /ఇ ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ తీసుకుంటుంది. /ఎక్స్‌డీ వీడియోల ఫోల్డర్‌ను వదిలేస్తుంది. /ఆర్:2, /డబ్ల్యూ:5 తప్పనిసరి. ఇవి ఇవ్వకపోతే రోబోకాపీ ఒక ఫైలు దొరకనప్పుడు 10 లక్షల సార్లు, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. ఎవరో ఎక్సెల్ షీటు తెరిచి ఉంచితే రాత్రంతా అక్కడే నిలబడిపోతుంది. మూలం దారి చివర బ్యాక్‌స్లాష్ పెట్టి వెంటనే కొటేషన్ మూయకూడదు. ఆ బ్యాక్‌స్లాష్ కొటేషన్‌ను మింగేసి రెండు దారులూ కలిసిపోతాయి.

మొదటి పరుగు. 24 ఫోల్డర్లు పూర్తయ్యాయని స్క్రిప్టు చెప్పింది. కానీ 24 ఫోల్డర్లకూ కలిపి ఒక ఫోల్డర్‌కు పట్టేంత సమయమే పట్టింది. లోపం ఒక్కటీ లేదు. లాగ్ (రోబోకాపీ చేసిన పని రాసిపెట్టే ఫైలు) తెరిస్తే మొదటి పట్టికలో ఫైల్స్ వరుసలో మొత్తం 3,160, కాపీ అయినవి 3,160. రెండో పట్టికలో మొత్తం 3,160, కాపీ అయినవి 0, వదిలేసినవి 3,160. మూడోదీ అంతే. ఇరవై నాలుగోదీ అంతే. డి డ్రైవ్ తెరిస్తే “స్టూడెంట్ 01” నుంచి “స్టూడెంట్ 24” దాకా దేనిలోనూ వీడియోలు తప్ప ఏమీ లేవు. వాటి పక్కన “స్టూడెంట్” అని కొత్త ఫోల్డర్ ఒకటి పుట్టి ఉంది, అందులో అన్నీ ఉన్నాయి.

కారణం ఫోల్డర్ పేరు మధ్యలోని స్పేస్. ఫర్ లూపు మామూలుగా వరుసను స్పేస్ దగ్గర విరిచి మొదటి ముక్కనే తీసుకుంటుంది. 24 వరుసల్లోనూ మొదటి ముక్క “స్టూడెంట్”. గమ్యం ఫోల్డర్ లేకపోతే రోబోకాపీ అడక్కుండా సృష్టిస్తుంది. మొదటిసారి అన్నీ రాసింది, తర్వాత 23 సార్లు అదే చోటికి వెళ్లి, అన్నీ ఉన్నాయని చూసి ఊరుకుంది. లూపులో “డెలిమ్స్=” అని, సమానం గుర్తు తర్వాత ఏమీ రాయకుండా పెడితే వరుస మొత్తం తీసుకుంటుంది. ఆదేశంలో గమ్యం చుట్టూ కొటేషన్లు కూడా ఉండాలి. ఇంకో కాపలా కూడా పెట్టాం: గమ్యం ముందే లేకపోతే కాపీ చేయకుండా ఆ పేరు లాగ్‌లో రాసి ముందుకు పోవాలి. ల్యాబ్ ఫోల్డర్లు ఎలాగూ ముందే ఉంటాయి. కొత్తగా పుట్టే ఫోల్డర్ అంటే తప్పు పేరన్నట్టే.

4వ రోజు: విద్యార్థి పని పోకూడదు

కాపీ పనుల్లో ఎక్కువ నష్టం చేసేది /ఎంఐఆర్, అంటే మిర్రర్. గమ్యాన్ని మూలంతో సమానం చేస్తుంది. మూలంలో లేనిది గమ్యంలో ఉంటే తీసేస్తుంది, రీసైకిల్ బిన్‌కు కూడా పోదు. విద్యార్థి తన ఫోల్డర్‌లో రాసుకున్న ప్రోగ్రామ్ మూలంలో ఉండదు. లిస్టులో పొరపాటున డి డ్రైవ్ మొదలునే రాస్తే ఆ డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. విద్యార్థి ఫోల్డర్ల స్క్రిప్టులో మిర్రర్ అన్న మాటే లేకుండా చూశాం. పెన్‌డ్రైవ్‌లకు మాత్రం వాడాం, అక్కడ ఎవరి పనీ ఉండదు.

మిర్రర్ లేకపోయినా ప్రమాదం ఉంది. రోబోకాపీ మామూలుగా తేదీ గానీ సైజు గానీ తేడా ఉంటే మూలాన్ని గమ్యం మీద రాసేస్తుంది. గమ్యంలోది కొత్తదైనా సరే. విద్యార్థి అసైన్‌మెంట్ పూర్తి చేసి సేవ్ చేస్తే, మర్నాడు నడిచిన స్క్రిప్టు ఖాళీ అసైన్‌మెంట్‌ను దాని మీద పెట్టేస్తుంది. /ఎక్స్‌ఓ ఇస్తే గమ్యంలోది కొత్తదైనప్పుడు వదిలేస్తుంది. అయితే సార్ మూలంలో ఒక తప్పు సరిచేస్తే ఆ ఫైలు కొత్తదై మళ్లీ విద్యార్థి పని మీద పడుతుంది. అందుకని /ఎక్స్‌సీ, /ఎక్స్‌ఎన్, /ఎక్స్‌ఓ మూడూ కలిపి ఇచ్చాం. అప్పుడు గమ్యంలో అసలు లేని ఫైళ్లే వెళ్తాయి. సరిచేసిన ఫైలు పంపాలంటే కొత్త పేరుతో పెట్టాలి, చివర “సవరణ 2” అని. కొంచెం శ్రమే, కానీ ఒకరి రెండు రోజుల పని పోవడం కన్నా నయం.

మార్పు ఏదైనా ముందు /ఎల్‌తో నడపాలి. ఏం చేస్తుందో చెప్తుంది, ఏమీ చేయదు.

5వ రోజు: పెన్‌డ్రైవ్‌లు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి 7 పోర్టుల యూఎస్‌బీ హబ్ ఒకటి, సొంత అడాప్టర్ ఉన్నది తెచ్చాం. అడాప్టర్ ఎందుకంటే యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. ఆరు పెన్‌డ్రైవ్‌లు దాన్నే పంచుకుని ఒకేసారి రాయడం మొదలుపెడితే ఏదో ఒకటి మధ్యలో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. స్క్రీన్ మీద “పాత్ దొరకలేదు” అని వస్తుంది, తప్పు స్క్రిప్టుదే అనుకుంటాం.

దిల్‌సుఖ్‌నగర్‌కు ప్రాక్టీసు కోసం 5.1 జీబీ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) ఫైలు కూడా వెళ్లాలి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి ఒక బైటు తక్కువ దాకానే పడుతుంది. డ్రైవ్‌లో 25 జీబీ ఖాళీ ఉన్నా 5.1 ఎక్కదు. ఆరింటినీ ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చి ఫార్మాట్ చేశాం.

ఇవి ఆరూ వేర్వేరు పరికరాలు, కాబట్టి ఒకేసారి. బ్యాచ్ ఫైలులో స్టార్ట్ ఆదేశంతో ఆరు రోబోకాపీలు. స్టార్ట్ తర్వాత కొటేషన్లలో వచ్చే మొదటి మాటను విండో పేరుగా తీసుకుంటుంది. అందుకని ముందు ఒక ఖాళీ కొటేషన్ల జత పెట్టాలి. ఒక్కో డ్రైవ్‌కు 7.5 జీబీ, ఆరింటికి 45 జీబీ. హబ్ యూఎస్‌బీ 2.0 కాబట్టి ఆచరణలో సెకనుకు సుమారు 30 ఎంబీని ఆరుగురూ పంచుకోవాలి. లెక్కకు 25 నిమిషాలు, అదీ చిన్న ఫైళ్లు సతాయించకపోతే. 3,160 చిన్న ఫైళ్లను జిప్ చేసి ఒక్క ఫైలుగా పంపితే పెన్‌డ్రైవ్‌లకు తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ప్రతి చిన్న ఫైలుకూ పేరు, తేదీ, పట్టికలో చోటు రాయాలి, ఫ్లాష్‌కు అదే భారం.

డ్రైవ్ అక్షరాలను నమ్మకూడదు. ఈరోజు ఎఫ్ అయినది రేపు హెచ్ అవుతుంది. అక్కడ ఎవరి సొంత పెన్‌డ్రైవో ఉండి, మన స్క్రిప్టు మిర్రర్ అయితే! ఆరింటికీ డీఎస్1 నుంచి డీఎస్6 దాకా లేబుళ్లు పెట్టి, పవర్‌షెల్ (విండోస్‌లోని ఇంకో ఆదేశాల భాష) లో గెట్ వాల్యూమ్‌తో లేబుల్ చూసి అక్షరం పట్టుకునేలా రాశాం. లేబుల్ కనబడకపోతే ఆ డ్రైవ్ జోలికి పోదు.

మళ్లీ నడిపినప్పుడు మారని ఫైళ్లు కూడా కాపీ అవుతుంటే తేదీల సూక్ష్మత తేడా. ఎన్‌టీఎఫ్‌ఎస్ తేదీని సెకనులో అతి చిన్న భాగం దాకా రాస్తుంది, ఫ్యాట్32 రెండు సెకన్లకు సర్దేస్తుంది, ఎక్స్‌ఫ్యాట్ కూడా కొంత సర్దుతుంది. /ఎఫ్‌ఎఫ్‌టీ ఇస్తే రెండు సెకన్ల లోపు తేడాను పట్టించుకోదు.

6వ రోజు: లైనక్స్ మెషీన్, తెలుగు పేర్లు

బ్యాకప్ కాపీ సెకనుకు 11 ఎంబీ దగ్గర ఆగిపోయింది. గిగాబిట్ కార్డులు రెండువైపులా ఉన్నా కేబుల్‌లో ఒక తీగ సరిగా అంటక లింకు 100 మెగాబిట్లకు దిగింది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. కేబుల్ మార్చాం.

అసలు సమస్య వేరు. ఫెయిల్డ్ గడిలో 7 ఫైళ్లు. ఏడూ తెలుగు పేర్లవే, పొడుగాటి అసైన్‌మెంట్ పేర్లు. విండోస్‌లో బాగానే తెరుచుకుంటాయి, పెన్‌డ్రైవ్‌లకూ ఎక్కాయి, లైనక్స్ ఫోల్డర్‌లో మాత్రం ఎక్కవు.

“విద్యార్థి” అన్న మాట తీసుకుందాం. కంటికి మూడక్షరాలు: వి, ద్యా, ర్థి. కంప్యూటర్‌కు పది సంకేతాలు: వ, గుడి, ద, పొల్లు, య, దీర్ఘం, ర, పొల్లు, థ, గుడి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుకు 255 సంకేతాల దాకా ఇస్తుంది, కాబట్టి దానికి ఈ మాట ఖరీదు 10. లైనక్స్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఈఎక్స్‌టీ4 కూడా 255 అనే అంటుంది, కానీ అది బైట్లలో లెక్క. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. అదే మాట ఖరీదు 30. అంటే 85 తెలుగు సంకేతాలు దాటితే పేరు పట్టదు. ఇంగ్లిషు పేర్లు పెట్టేవాళ్లకు ఈ ఇబ్బంది ఎప్పటికీ ఎదురుకాదు. ఏడు పేర్లూ కుదించాం. తెలుగు పేర్లు మానేయమని మాత్రం చెప్పలేదు, మానాల్సిన అవసరం లేదు. 60 సంకేతాల లోపు ఉంచుకుంటే ఈ 31 చోట్లకూ వెళ్తుంది.

రెండో విచిత్రం: ఒకే పేరుతో రెండు ఫైళ్లు, ఒకే ఫోల్డర్‌లో. “కోడింగ్ 1”, “కోడింగ్‌ 1”. తేరిపార చూసినా తేడా కనబడదు. రెండోదాంట్లో పొల్లు తర్వాత కనబడని గుర్తు ఒకటుంది, అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు తామే చేర్చేది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. రోబోకాపీ రెండింటినీ కాపీ చేస్తుంది. ఫైళ్ల పేర్ల లిస్టుతో పోల్చేటప్పుడు మాత్రం ఒకటి లేదని వస్తుంది. మూలంలోనే ఆ గుర్తును తీసేసే చిన్న పవర్‌షెల్ వరుస ఒకటి కాపీకి ముందు నడుస్తుంది.

లాగ్‌లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా పడుతుంటే /లాగ్ బదులు /యూనిలాగ్ వాడాలి.

ఆ లైనక్స్ మెషీన్‌కు తగిలించిన రెండు బయటి డిస్కులకు 5.1 జీబీ ఫైలు వేయడానికి టీ ఆదేశం చక్కగా కుదిరింది. ఒకసారి చదివి, ఇచ్చిన పేర్లన్నిటికీ ఒకేసారి రాస్తుంది. తెరమీద పడే దాన్ని డెవ్ నల్‌కు (వచ్చింది వచ్చినట్టు పారేసే చోటు) పంపాలి, లేకపోతే టెర్మినల్ అంతా చెత్త. టీ పాత తేదీని, అనుమతులను మోయదు, డేటానే. ఫోల్డర్లకు ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశం మంచిది. దాంట్లో మూలం చివర స్లాష్ ఉంటే లోపలివి వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్లి లోపల కూర్చుంటుంది.

7వ రోజు: సరిచూడటం

రోబోకాపీ ముగింపు సంఖ్యలను చాలామంది తప్పుగా చదువుతారు. 0 అంటే కాపీ చేయాల్సింది ఏమీ లేదు. 1 అంటే కాపీ అయింది. 2 అంటే గమ్యంలో అదనపు ఫైళ్లున్నాయి. 8, ఆపైన ఉంటేనే వైఫల్యం, 16 అయితే పెద్దది. చెప్పిన సమయానికి స్క్రిప్టు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో చివరి ఫలితం 1 అని కనబడితే భయపడకూడదు. 3వ రోజు జరిగింది తిరగేసి చూస్తే 0ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. బ్యాచ్ లూపు లోపల ఎర్రర్‌లెవెల్‌ను (ఈ ముగింపు సంఖ్య ఉండే చోటు) శాతం గుర్తుల మధ్య పెట్టి చదివితే లూపు మొదలవకముందు ఉన్న విలువే వస్తుంది. “ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8” అని రాస్తే ఆ క్షణం విలువ చూస్తుంది, 8గానీ పైనగానీ ఉంటే పట్టుకుంటుంది.

సైజు చూసి సరే అనుకోవడం కూడా కుదరదు. కాపీ మొదట్లోనే విండోస్ ఫైలుకు పూర్తి చోటు కేటాయిస్తుంది. మధ్యలో కరెంటు పోతే సైజు సరిగ్గానే ఉండి లోపల సగం ఖాళీగా ఉండొచ్చు. అందుకే మూలంలో ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (లోపలి డేటా నుంచి వచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకసారి లెక్కకట్టి లిస్టు చేసి, పవర్‌షెల్‌లో గెట్ ఫైల్‌హ్యాష్‌తో 31 చోట్లా పోల్చాం.

పెన్‌డ్రైవ్‌ల దగ్గర అసలు పాఠం దొరికింది. కాపీ అవగానే పోలిస్తే ఆరూ సరిపోయాయి. ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టి పోలిస్తే డీఎస్4లో కొన్ని ఫైళ్లు తేడా. మొదటిసారి విండోస్ పెన్‌డ్రైవ్‌ను చదవనే లేదు, కాసేపటి క్రితం రాసిన డేటా ర్యామ్‌లో ఉంటే అదే చూపించింది. డీఎస్4 ల్యాబ్‌లో ఎప్పటినుంచో పడి ఉన్న పాతది. డ్రైవ్ అసలు సైజు పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నింపి చూస్తే పైకి చెప్పే 32 జీబీలో కొంత భాగమే నిజం. మిగతా భాగానికి రాసింది ఎక్కడా నిలవదు. పక్కన పడేశాం. ఇకనుంచి పెన్‌డ్రైవ్ పోలిక ఎప్పుడూ తీసి పెట్టాకే.

9వ రోజు: షెడ్యూల్

స్క్రిప్టు రాత్రి 11 గంటలకు, ల్యాబ్ మూసేశాక నడుస్తుంది. తర్వాత పోలిక, ఆపైన ఒక్క వరుస రిపోర్టు: ఎన్ని చోట్లు, ఎన్ని సరి, ఎక్కడ తేడా. సర్వర్ యూపీఎస్ మీద ఉంది. హబ్ అడాప్టర్ మాత్రం గోడ ప్లగ్గులో ఉండిపోయింది, దాన్నీ యూపీఎస్‌కు మార్చాం.

19వ సీటు ఈ వారం ఖాళీ. లిస్టులో ఆ వరుస చెరిపేయకుండా ముందు ఒక సెమీకోలన్ పెట్టాం, ఫర్ లూపు అలాంటి వరుసలను దాటేస్తుంది. పవర్‌షెల్ పోలికకు ఆ సంగతి తెలియదు, దారి దొరకలేదని మొరపెట్టింది. దానికీ సెమీకోలన్ వరుసలు, ఖాళీ వరుసలు వదిలేయమని ఒక షరతు చేర్చాం. సోమవారం కొత్త విద్యార్థి వస్తే సెమీకోలన్ తీసేయాలి. డీఎస్4 లేబుల్‌తో కొత్త పెన్‌డ్రైవ్ ఆలోపు రావాలి.